గంట ప్రయాణం

"హైదరాబాదు నుంచి బెంగళూరుకు గంటేనమ్మా!" అన్నాడు శ్రీరంగప్ప, మిట్టమధ్యాహ్నం ధర్మవరంలో ఇంటి గడప ముందు దుమ్ము దులుపుకుంటూ.

నిన్న సాయంత్రం హైదరాబాదులో బంధువుల పెళ్లి చూసుకుని ఆయన విమానమెక్కాడు. కొడుకూ, కొత్త కోడలు సులోచనా రైలెక్కారు. వాళ్లు పొద్దున్నే ఇల్లు చేరి వంట కూడా చేసేశారు.

"మరి బెంగళూరు నుంచి ఈడికి, నాయనా?" అన్నాడు కొడుకు.

"బస్సు దొరక్క రాత్రంతా బస్టాండులోనే పడుకుంటి. అది విమానం తప్పు కాదులేప్పా. ఇంకోతూరి నేనూ మీతోనే రైల్లో వస్తా."

సులోచన చప్పున భర్త వైపు చూసింది. పదిమంది ఉన్న ఆ ఇంట్లో చేరాక, మొగుడితో తనివితీరా మాట్లాడింది ఆ రైల్లోనే.

"వద్దు మామా! మీకు విమానమే బాగుంటాది. గంటే గదా!"

కొడుకు తల దించుకుని నవ్వుకోవడం శ్రీరంగప్ప చూశాడు.

"అవునమ్మా, గంటే గదా!" అన్నాడు, పట్టేసిన నడుము రుద్దుకుంటూ.