రాడార్ ఎగిరిపోయింది

"కదలకు!"

చిహారు గుమ్మంలోనే ఆగిపోయింది. ఒక కాలు గదిలో, ఒక కాలు వసారాలో, భుజాన నేవీ సంచి. నోటిదాకా వచ్చిన "వెళ్ళొస్తాను నాన్నా" అన్న మాట అక్కడే ఉండిపోయింది.

"రాడార్ ఎగిరిపోయింది," అన్నాడు కెన్‌సాకు. ఆయన అప్పటికే మోకాళ్ళ మీద వంగి, చెంప చాపకు ఆనించి ఉన్నాడు. "పట్టకారులోంచి టప్పున జారింది. అటే వచ్చింది. అడుగేశావంటే పొడైపోతుంది."

ఇక చెప్పేదేముంది! ఆ ఇంట్లో బొమ్మ ఓడ ముక్క ఎగిరిందంటే దొరికేదాకా ఎవరూ కదలకూడదు. చిన్నప్పుడు చిహారు స్నేహితురాళ్ళు ఈ గదిలో ఒంటికాలి మీద నిలబడి ఏడ్చిన రోజులున్నాయి. తల్లి తొమోయె ఒకసారి పొగలు కక్కే పులుసు గిన్నె చేత్తో పట్టుకుని, అది చల్లారేదాకా నిలబడింది. షిజువోకాలో ప్లాస్టిక్ ఓడలు అతికించే మొగుళ్ళకు కొదవలేదు గానీ, ఇంత పిచ్చి మాత్రం ఇంకెవరికీ లేదని ఆవిడ గట్టి నమ్మకం.

"నాన్నా, బస్సు వచ్చేస్తుంది."

"రాడార్ లేని ఓడ గుడ్డిది. గుడ్డి ఓడని సముద్రంలోకి ఎవరన్నా పంపుతారా?"

ఆ ఓడ చిహారుదే. అసలుది యొకోసుకా రేవులో ఉంది. ఈ సాయంత్రం ఆమె అందులో ఎక్కాలి. తెల్లారితే సముద్రపు దొంగల మీద కాపలాకి ఏడెన్ గల్ఫ్ ప్రయాణం, ఆరు నెలలు. రాడార్ ముందు కూర్చోవడమే ఆమె ఉద్యోగం. నేవీలో చేరతానన్న రోజున కెన్‌సాకు ఊఁ అనలేదు, ఉహూఁ అనలేదు. ఆమెను ఏ ఓడలో వేశారో తెలియగానే దుకాణానికి వెళ్ళి అదే ఓడ కిట్టు తెచ్చుకుని, స్తంభం కొసన పెట్టే రాడార్ దాకా అంగుళం అంగుళం అతికిస్తూ కూర్చున్నాడు. ఇవాళ ఆయన నోట "వెళ్ళిరా" అన్న ఒక్క మాట వినాలని చిహారు వచ్చింది. అది వినకుండా అంత దూరం పోవాలంటే ఆమెకు భయంగా ఉంది.

సంచి దించి, అందులోంచి టార్చి తీసి తనూ మోకాళ్ళ మీద వంగింది. బల్ల మీద ఓడకు దుమ్ము పడకుండా కిట్టు పెట్టె మూత బోర్లించి ఉంది.

"టార్చి నేలబారుగా పెట్టు. నీడ పడుతుంది," అన్నాడు కెన్‌సాకు.

"తెలుసు. నేను రోజూ చేసే పని వెతకడమేగా."

"నువ్వు వెతికేవి ఓడలు. ఇది బియ్యపు గింజలో సగం."

టార్చి వెలుగులో ఏమీ దొరకలేదు. ముక్క లోపలికి పోకుండా కెన్‌సాకు వాక్యూమ్ క్లీనర్ గొట్టానికి ఒక పల్చటి మేజోడు తొడిగి చాప అంచుల వెంట పట్టాడు.

వంటింట్లోంచి తొమోయె కేక వేసింది. "ఏవండీ! అది నా కొత్త మేజోడు!"

"దేశరక్షణ కోసం తీసుకున్నానే!"

మేజోడుకి ఒక తలపిన్ను, ఎండు బఠాణీ, ఏ కాలంలోనో పారిపోయిన ఒక బొమ్మ తుపాకీ గొట్టం అంటుకున్నాయి. రాడార్ మాత్రం రాలేదు. బయట బస్సు ఆగి, వెళ్ళిపోయింది.

"తర్వాతి బస్సు తప్పితే రైలు దొరకదు నాన్నా."

"ఆఁ." ఆయన బల్లకింద దూరాడు. కాసేపటికి అక్కడినుంచే అడిగాడు. "అక్కడ ఎండలెక్కువటగా?"

"ఓడలో చల్లగానే ఉంటుంది."

"తిండో?"

"శుక్రవారం శుక్రవారం కర్రీ అన్నం పెడతారు."

"మీ అమ్మ చేసేదానికన్నా బాగుంటుందేమో."

"వినబడుతోంది!" అంది తొమోయె.

"ఆ దొంగల దగ్గర తుపాకులుంటాయా?"

"ఉంటాయి నాన్నా."

బల్లకింద కెన్‌సాకు ముక్కు ఎగబీల్చాడు. "పాడు రంగు వాసన," అని గొణిగి, ఇంకా లోపలికి దూరాడు.

వీధి మలుపులో బస్సు హారన్ మోగింది. చిహారు లేచి సంచి తగిలించుకుంది.

"నేను పోవాలి. వెళ్ళొస్తాను నాన్నా."

"తలుపు మెల్లగా వెయ్యి. గాలికి ఎగిరిపోగలదు."

చిహారుకి ఒళ్ళు మండిపోయింది. "ఆరు నెలలు నాన్నా! ఆరు నెలలు కనబడను. నీకు ఆ ప్లాస్టిక్ ముక్క మీదున్న బెంగలో సగమైనా నా మీద లేదా? తలెత్తి మొహమైనా చూడవా?"

"వెతుకుతున్నానుగా," అంది బల్లకింద గొంతు.

"అమ్మాయ్, బస్సు!" తొమోయె వీధి వాకిలి తీసి పట్టుకుంది.

చిహారు గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మనిషి ఎలాగూ చెప్పడు, కనీసం ఓడకైనా చెప్పి పోదామని వెనక్కి వచ్చి, చప్పుడు కాకుండా పెట్టె మూత ఎత్తింది.

స్తంభం కొసన రాడార్ ఉంది, జిగురు ఎప్పుడో ఆరిపోయి.