గుడ్డ జెండాకు ఓటు

ఈ రోజు ఇంట్లో తాతయ్య, నాన్న, అమ్మ, నేను ఉన్నాం. దేశమంతా ఫోన్‌లో ఓటు వేసే రోజు. ఇకమీదట జాతీయ జెండా గుడ్డతో ఉండాలా, గాలిలో వెలిగే కాంతితో ఉండాలా అన్నది ప్రశ్న. ఎండ యాభై డిగ్రీలు దాటే ఈ రోజుల్లో గదుల్లో ఉన్న ఏసీలకు కరెంటు కొనడం మా వల్ల కాదు. కాంతికి ఓటేసిన వాళ్ల గదికి మాత్రం ఈ సాయంత్రం నుంచే ఆ కరెంటు ఉచితమట.

జెండా గుడ్డ నేసే ఇల్లు ఊళ్లో మాదొక్కటే మిగిలింది. పొద్దున్నే తాతయ్య మా ముగ్గురి చేతా మగ్గం మీది పడుగు దారాలు ముట్టించి, గుడ్డకే వేస్తామని ఒట్టు పెట్టించాడు.

"మూడు రంగులూ ఒక్క గుడ్డ మీద కలిసుంటేనేరా జెండా. దీపాలైతే ఎవడి స్విచ్చి వాడిదే," అన్నాడు.

"చాల్లే నాన్నా, మేమేమన్నా బడి పిల్లలమా?" అని నాన్న నవ్వాడు.

నేను గుడ్డకే వేశాను.

సాయంత్రం అమ్మానాన్నల గదిలోంచి ఏసీ చప్పుడు వినిపించింది. తాతయ్యకు ఎలా చెప్పాలో తెలియక, ఏడుపు ఆపుకుంటూ వెళ్లి ఆయన గది తలుపు తోశాను. చల్లగాలి ముఖానికి కొట్టింది.

"తాతయ్యా, నువ్వు కూడానా?"

ఆయన నా వైపు చూడలేదు.

"మీరు ముగ్గురూ ఒట్టేశారుగా, నా ఒక్కడి ఓటూ లేకపోతే ఏం పోతుందిలే అనుకున్నానే," అన్నాడు. "జరుగమ్మా, చల్లదనమంతా పోతోంది."

తలుపు వేసుకున్నాడు.