ఒక్కడి పేరుతో

"ఒరేయ్, రీసెర్చి పేపరు మీంచి ఆ పిల్లాడి పేరు తియ్యకురా. ఉసురు తగులుద్ది," అన్నాను.

మా క్రాంతి ఇంజనీరింగులో రీసెర్చి చేస్తున్నాడు. రొయ్యల చెరువులో నీళ్ళు చిలికే ఏరేటరును తక్కువ కరెంటుతో తిప్పే పద్ధతి వాడూ, వాడితో చదివే సుధీరూ కలిసి కనిపెట్టారు. నిజానికి ఆలోచన సుధీరుదే. తల్లిలేని పిల్లాడు. నేను క్యారేజీ తెస్తే కడుపునిండా తిని, "ఆయ్, చాలండి పిన్నిగారూ" అనేవాడు. వేసవిలో ఆ ఏరేటరు దగ్గరే కరెంటు కొట్టి పోయాడు.

"చచ్చినోడికి ఉద్యోగం ఇస్తారేంటే అమ్మా? నా ఒక్కడి పేరుంటేనే ఉద్యోగానికి గట్టి," అని క్రాంతి నవ్వేడు. చెరువు గట్టు మీద పాకలో కూర్చుని, నా ఎదురుగానే ఫోనులోంచి పేపరు జర్నలుకి పంపేశాడు.

అప్పుడు చీకట్లో ఏరేటరు తిరగడం మొదలైంది. సుధీరు పోయిన రోజే దాని వైర్లు పీకేశారు.

"ఎవడో ఆటలాడుతున్నాడు. నువ్వు కదలకు," అని క్రాంతి టార్చి పట్టుకుని వెళ్ళాడు. కాసేపు గట్టు మీద వెలుగు కనబడింది. తరువాత అదీ లేదు. నీళ్ళ చప్పుడు కూడా ఆగిపోయింది.

"క్రాంతీ!" అని పిలిచాను. కప్పలు సైతం అరవడం లేదు.

"నాన్నా, పలకరా! ఒక్కడివే ఉన్నావా అక్కడ?"

చాలాసేపటికి నీళ్ళలోంచి జవాబొచ్చింది.

"ఆయ్, ఇద్దరం ఉన్నామండి పిన్నిగారూ."