జిల్లేడు చేదు

పెరట్లో కాపురముండే గోరింక ఒకనాడు జిల్లేడు చెట్టు మీది చారల పురుగును తింది. నోరంతా చేదై కక్కుకుంది. ఆనాటి నుంచి చారల పురుగు కనిపిస్తే చాలు, మొహం తిప్పుకునేది. తర్వాత ఒక్క గీత ఉన్నా వద్దంది. చివరికి కరివేపాకు మీది నున్నటి ఆకుపచ్చ పురుగును చూసినా వణికింది. గూట్లో పిల్లలు ఆకలికి అలమటించాయి.

"నిన్ను ఏడిపించింది ఒక్కటే కదే! పురుగుల జాతినంతా వెలివేస్తే ఎలా?" అంది పక్క కొమ్మ మీది ఉడుత.

"కక్కుకున్నది నువ్వు కాదుగా!" అని కసిరింది గోరింక.

కానీ పిల్లల అరుపు కూడా సన్నగిల్లడం విని, రెక్కలు విదిల్చి లేచింది. ముందు గీతల్లేని పురుగును కళ్ళు మూసుకుని కొరికింది. కమ్మగా ఉంది. మర్నాడు ఒక గీత ఉన్నదాన్ని, ఆ పైన జిల్లేడు మీదివి తప్ప వేరే మొక్కల మీది చారలున్నవాటినీ రుచి చూసింది. ప్రతిసారీ ఆనాటి చేదు గుర్తొచ్చింది. అయినా ముక్కు వెనక్కి తీయలేదు.

కడుపు నిండాక చిన్న పిల్ల అడిగింది: "అమ్మా, నీ భయం పోయిందా?"

"ఎక్కడికి పోతుందే! ఇన్నాళ్ళూ పెరడంతా నాదేనంటూ తిరిగింది. తీసుకెళ్ళి జిల్లేడు చెట్టు మీద కూర్చోబెట్టి వచ్చాను."