చివరి పేజీ రాక్షసుడు

“ఇంకాస్త బిగించు. చూసేవాళ్ళకి రాక్షసుణ్ణి కట్టేసినట్టుండాలి గానీ మేకపిల్లని కట్టేసినట్టుంటే ఎలా?”

ఆమె బట్టలారేసే తాడును భర్త మణికట్ల చుట్టూ మరోసారి తిప్పి, కుర్చీ వెనకాల ముడి వేసింది.

“నొప్పిగా ఉందా అండీ?”

“రాక్షసుడికి నొప్పేమిటే! కాళ్ళు కూడా బొమ్మలో పడతాయా?”

“పాదాల దాకా పడతాయండీ. పేజీ మొత్తం మీరే.”

ఆ మాట అతనికి బాగా నచ్చింది. కాళ్ళు కుర్చీకి దగ్గరగా జరిపి, ఛాతీ విరుచుకుని కూర్చున్నాడు. ఆమె ఆ కాళ్ళనూ కుర్చీకి కట్టేసింది.

ఆమె పిల్లల కోసం పురాణ కథల బొమ్మల పుస్తకాలు గీస్తుంది. ఈసారి కథ, నదులన్నిటినీ ఒక కుండలో బంధించి దాని మూత మీద ఎక్కి కూర్చున్న రాక్షసుడిది. చివరి పేజీలో అతణ్ణి స్తంభానికి ఆనించి, కూర్చోబెట్టి కట్టేస్తారు. ఇన్నేళ్ళుగా ఆ బొమ్మల వంక కన్నెత్తి చూడని మనిషి, “రాక్షసుడికి మీలాంటి భుజాలు కావాలండీ” అని ఇందాక ఆమె అనగానే చొక్కా విప్పేశాడు.

ఆమె బల్ల ముందు కూర్చుని పెన్సిల్ అందుకుంది. గదిలో ట్యూబులైటు వెలుగుతోంది. మధ్యాహ్నం మూడైనా వెలగాల్సిందే. రెండు కిటికీలకూ మేకులు కొట్టించాడు అతను. ఏమంటే దుమ్ము అన్నాడు. తలుపు తాళం చెవి ఎప్పుడూ అతని ప్యాంటు జేబులోనే ఉంటుంది. ఆమె ఒంటరిగా మెట్లు దిగి రెండేళ్ళు దాటింది. పూర్తయిన పేజీల్ని వారం వారం సాయంత్రం నాలుగింటికి వీధి చివరికొచ్చే పబ్లిషర్ల వ్యానుకు అతనే తీసుకెళ్ళి ఇస్తాడు. కవరు అంటించే ముందు ప్రతి కాగితాన్నీ తిరగేసి, వెనక వైపు ఆమె ఎవరికైనా ఏమైనా రాసిందేమోనని వెతుకుతాడు. ముందు వైపు ఏముందో అతనికి అక్కర్లేదు.

“ఇంతకీ వాడికి డైలాగేమైనా ఉందా?”

“చివరి పేజీలో లేదండీ.”

“అంత పెద్ద రాక్షసుడికి చివర్లో ఒక్క మాట కూడా లేదా? ఎవడే ఆ రచయిత?”

“మాటలు ఆయనవి. నాది బొమ్మ వరకే. గడ్డం పైకెత్తండి.”

ఎత్తాడు. ఆమె భుజాలు గీసింది. తర్వాత, కాగితం మీంచి తలెత్తకుండా అంది.

“ఒక్కసారి అక్క దగ్గరికి వెళ్ళొస్తానండీ. దాని పాపని చూసి సాయంత్రానికి వచ్చేస్తాను.”

“మళ్ళీ మొదలుపెట్టావా? పుట్టినప్పుడు ఫోటో చూపించాను కదా!”

“ఈపాటికి నడక కూడా వచ్చేసుంటుంది.”

“వస్తే ఏం? నువ్వెళ్ళి పట్టుకోకపోతే పడిపోతుందా?”

“పోనీ మీరూ రండి. గుమ్మంలో నిలబడే చూసొద్దాం.”

“మీ అక్క మొహం నేను చూడను. నువ్వూ చూడక్కర్లేదు. ఇంకోసారి ఆ మాటెత్తావంటే ఈ పెన్సిళ్ళు కూడా పొయ్యిలో పెడతాను. తెలిసిందా?”

“తెలిసిందండీ.”

ఆమె లేచి వచ్చి, కాళ్ళ దగ్గర వదులైన ముడిని మళ్ళీ బిగించింది.

“అబ్బా! నిజంగానే రాక్షసుణ్ణనుకుంటున్నావేమిటి?” అని నవ్వాడు.

ఆమె కూడా నవ్వింది. వెళ్ళి గ్లాసు నిండా మంచినీళ్ళు తెచ్చి అతని నోటికి అందించింది.

“ఇప్పుడు దాహమెవరికి వేసింది?”

“తాగండి. చాలాసేపటి నుంచి కూర్చున్నారు.”

తాగాడు. ఇంకో గ్లాసు పట్టింది. విసుక్కుంటూ అదీ తాగాడు. ఆమె మళ్ళీ బల్ల దగ్గరికెళ్ళి కళ్ళు గీసింది, కింద నీడ దిద్దింది, కాగితాన్ని ఎత్తి చూపించింది.

“మీసం మాత్రం అదిరింది. కళ్ళలో ఆ బెదురేమిటే? బాలేదు.”

“కథలో అలాగే రాశారండీ.”

ఆమె గోడ గడియారం వంక చూసి, మంచం కింద నుంచి బొమ్మల సంచి లాగింది.

“అయ్యో, నాలుగవడానికి ఐదు నిమిషాలే ఉంది! వ్యాను వెళ్ళిపోతుంది.”

“విప్పు, నేనిచ్చొస్తాను.”

“ఈ ముళ్ళన్నీ విప్పి, మీరు చొక్కా తొడుక్కుని దిగేసరికి ఇంకెక్కడి వ్యాను? ఈ పేజీ అందకపోతే పుస్తకమే ఆగిపోతుంది.”

“ఆగిపోతే నా బొమ్మ?”

“అదే కదండీ ముందు ఆగేది!”

అతను గడియారం వంక చూశాడు. ఆమె వంక చూశాడు.

“ఒక్క పేజీకి అంత సంచి ఎందుకు?”

“కాగితం మడత పడితే తీసుకోరు.”

“సరే, తాళం చెవి కుడి జేబులో ఉంది. రెండే నిమిషాలు. ఎవరితోనూ మాట్లాడకు. ఇచ్చి వచ్చెయ్.”

“అలాగేనండీ.”

“ఇదిగో, బయట తాళం వేసి వెళ్ళు. ఎవరైనా తలుపు తోసి నన్నిలా చూశారంటే పరువు పోతుంది.”

ఆమె తాళం వేసింది. రోజూ అతను చేసినట్టే రెండుసార్లు లాగి చూసింది.

“వ్యాను కదిలితే అరిచి ఆపు! ఆ పేజీ ఇవాళ వెళ్ళి తీరాలి!” లోపల నుంచి అతని గొంతు మూసిన తలుపులోంచి సన్నగా వినిపించింది.

ఆమె మెట్లు దిగుతోంది.

ఆ పుస్తకం చివరి పేజీని పోయిన వారమే అతను తన చేత్తో వ్యానులో ఇచ్చి వచ్చాడు.