దూది డబ్బా

ప్రయోగశాల గుమ్మంలో నిలబడ్డ ముసలాయన అడిగిన మొదటి మాటకే ఆచార్యురాలికి ఒళ్లు మండింది.

“నిరోధం పడిపోయిందా అమ్మా?”

పడిపోయింది. లోపల విద్యుత్తును ఆపేసి, పైపొర మీద మాత్రమే పారనిచ్చే ఆ వింత స్ఫటికం, రాగి కలిపి అతిశీతలంలో ఉంచగానే విద్యుత్తుకు నిరోధమన్నదే లేని అతివాహకమైంది. కానీ ఒకే ఒక్క స్ఫటికం. రెండోదానిలోనూ కనిపిస్తేనే లోకం నమ్ముతుంది. ఈ సంగతి గోడలు దాటలేదు.

మరి ఈయనకెలా తెలుసు?

“ఎవరు పంపారు మిమ్మల్ని?”

“ఎవరూ పంపలేదమ్మా. నేనే...”

“పోటీవాళ్లు వేగుకు పెద్దవాళ్లను కూడా దించుతున్నారన్నమాట!”

పక్కనున్న విద్యార్థిని కిసుక్కుమంది. ముసలాయనా నవ్వబోయి, మానుకున్నాడు.

“అది కాదు తల్లీ, ఈ డబ్బా...”

“మీరూ, మీ డబ్బా, ఇద్దరూ బయటికి! గాలి తగిలితే పాడయ్యే వస్తువులున్నాయిక్కడ.”

“అవునవును, గాలి తగలకూడదు,” అంటూ ఆయన డబ్బాను గుండెలకు హత్తుకుని మెట్లు దిగాడు.

నెల తిరిగింది. రెండో స్ఫటికం రాలేదు.

పంపవలసినవాడు వేరే ఊళ్లో స్ఫటికాలు పెంచే శాస్త్రవేత్త. ప్రయోగశాలలో ఆయన ముద్దుపేరు కొలిమి బాబాయి. ఏళ్ల తరబడి దూది పరిచిన డబ్బాలు పోస్టులో రావడమే గాని, ఆయన ముఖం ఆమె చూడలేదు, చూడాలనుకోనూ లేదు. ఆమె కీర్తిలో ఆయన వాటా, పరిశోధన పత్రాల చివర కృతజ్ఞతల్లో ఒక్క పంక్తి.

ఫోన్ చేస్తే ఆయన కూతురు ఎత్తింది.

“మీ నాన్నగారు మాటిచ్చి మర్చిపోయినట్టున్నారు!”

“నాన్న పోయిన వారమే పోయారండీ.”

ఆచార్యురాలు సానుభూతిగా రెండు ముక్కలు పలికింది. మూడో ముక్క, సిగ్గులేకుండా, స్ఫటికం గురించే.

“మా దగ్గరే ఉందండీ. ‘అలాంటిదే ఇంకోటి కావాలి’ అని మీరు అడగ్గానే, నిరోధం పడిపోయే ఉంటుందని ఎంత సంబరపడ్డారో! పోస్టులో పగిలితే మళ్లీ పెంచే ఓపిక లేదని, రైల్లో ఒళ్లో పెట్టుకుని తనే తెచ్చారు. తిరిగొచ్చి, ‘పాపం, అమ్మాయి పనిలో ఉంది, మళ్లీ వెళ్తాలే’ అన్నారు.”

ఆచార్యురాలి చూపు ప్రయోగశాల గుమ్మం వైపు మళ్లింది. కూతురు ఇంకా చెబుతోంది.

“గాలి తగలకూడదని మీరు గట్టిగా చెప్పారట కదండీ, పోయేదాకా ఆ డబ్బా మూత ఎవర్నీ తీయనివ్వలేదు.”