కొత్త కోచ్‌ని కడిగెయ్యాలి

“నువ్వు ఆ కోచ్ గది ఎక్కడుందో చూపించు చాలు. మిగతాది నేను చూసుకుంటా,” అంది సుధామయి సీటు బెల్టు విసురుగా లాక్కుంటూ.

“అమ్మా, ప్లీజ్. నేను వెళ్తోంది ప్రాక్టీస్‌కి, గొడవకి కాదు,” అంది సాత్విక కారు స్టార్ట్ చేస్తూ.

“గొడవ నేను పెట్టుకున్నానా? రేపు ఫైనల్. నీ ఆఖరి ఆట. ఇన్నేళ్లు దేశాలు పట్టుకు తిరిగొచ్చిన స్ట్రైకర్ని తీసుకెళ్లి బెంచీ మీద కూర్చోబెడతాడా? వాడి మొహం మండ!”

వాళ్లుండే ఎటోబికోలో ఇంటి ముందు మొదలైన తిట్లు హైవే ఎక్కినా తగ్గలేదు. ఎందుకు తగ్గాలి? ఎయిర్‌పోర్టు దగ్గరి బిస్కెట్ల ఫ్యాక్టరీలో కాళ్లు వాచేలా నిలబడి కూతుర్ని ఫుట్‌బాల్ ఆటగత్తెను చేసిన మనిషి ఆమె. సాత్విక యూరప్‌లో ఆడినన్నాళ్లూ ఫోన్‌లోనే చూసింది. ఈ వేసవిలో కూతురు తిరిగొచ్చి పక్కనే ఉన్న వాన్ ఊరి క్లబ్బులో చేరినా, శనాదివారాలు షిఫ్టులు పడి ఒక్క మ్యాచ్‌కీ వెళ్లలేకపోయింది. రేపటికి మాత్రం పట్టుబట్టి లీవ్ తీసుకుంది. స్నేహితురాలు రాధిక వాళ్లను ఇంటిల్లిపాదినీ పిలిచింది. తీరా ఈ పొద్దున కాఫీ తాగుతూ సాత్విక చల్లగా చెప్పింది, రేపు ఆడే పదకొండుమందిలో తను లేదని.

“రాధికకి నా మొహం ఎలా చూపించనే? మా అమ్మాయి కూర్చుంటుంది, వచ్చి చూడండి అని చెప్పనా?”

“చెప్పు. తప్పేముంది?”

“తప్పేముందా! ఇటలీలో గోల్ కొట్టేదాన్ని పట్టుకెళ్లి గోల్‌కి కాపలా పెట్టారు. ఊరుకున్నా. స్వీడన్‌లో మంచులో పరిగెత్తి కప్పు తెచ్చిపెడితే, మోకాలు దెబ్బతినగానే కూరలో కరివేపాకులా తీసి పారేశారు. ఊరుకున్నా. వాళ్లంటే పరాయివాళ్లు. సొంత ఊళ్లో కూడానా?”

పాత కోచ్‌కి గుండె ఆపరేషన్ కావడంతో, సోమవారం క్లబ్బువాళ్లు కొత్త కోచ్‌ని వేశారు. పోర్చుగల్‌వాడో పోలెండ్‌వాడో సుధామయి అడగలేదు. ఆమె లెక్కలో కోచ్‌లందరూ ఒకే తానులో ముక్కలు.

“పోర్చుగల్‌లో మాత్రం! వెళ్లిన ఏడాదంతా బెంచీయేగా. ఎవరో ముసలి స్టార్ కోసం నిన్ను కూర్చోబెట్టారు. ఫోన్‌లో ఎంత ఏడ్చావో నాకింకా గుర్తుంది.”

“ఆవిడ ముసలిదేం కాదమ్మా. అప్పటికి ముప్పై నాలుగు.”

“అంటే ఇప్పుడు నీ వయసు.”

“అవును. నాకప్పుడు పందొమ్మిది. రేపు నా ప్లేస్‌లో ఆడే మియాకీ పందొమ్మిదే.”

సుధామయి వేళ్ల మీద లెక్కేసుకుంది. కానీ అన్యాయం తన పిల్లకు జరిగినప్పుడు లెక్కలు సరిపోవాలన్న నియమం ఏ తల్లికీ లేదు.

“అదీ ఇదీ ఒకటేనా? నువ్వప్పుడు బాగా ఆడేదానివి!”

“మియా నాకంటే బాగా ఆడుతోంది.”

“ఎవరన్నారు? ఆ కోచేనా?”

“ఊఁ. కోచే.”

“నీ ఆట సంగతి నీకు తెలియాలి గానీ, నాలుగు రోజుల నాడు కుర్చీ ఎక్కినవాడికేం తెలుసే? అసలు వాడికి తల్లి లేదా? ఉంటే ఇలాగేనా పెంచేది?”

సాత్విక పెదవి బిగబట్టి నవ్వు ఆపుకుంది. “ఉందమ్మా. గట్టి మనిషే.”

“అయితే ఆవిడకీ పెడతా గడ్డి. నిన్ను ఒక్క మాటైనా అడిగాడా, పేరు తీసేసేముందు?”

“అడగకుండా ఎలా? నేను ఒప్పుకోవడానికే రెండ్రోజులు పట్టింది.”

ఎర్ర లైటు దగ్గర కారాగింది. పక్కన వేర్‌హౌస్‌లోంచి ట్రక్కులు ఒకదాని వెనక ఒకటి బయటికొస్తున్నాయి. సుధామయి కూతురి మోకాలి మీద చెయ్యి వేసింది. ఆపరేషన్ మచ్చ జీన్స్ కింద ఎక్కడుందో ఆ చేతికి తెలుసు.

“నొప్పి పుడుతోందా?”

“మెట్లెక్కేటప్పుడు. మ్యాచ్‌లో అయితే సెకండ్ హాఫ్ అంతా.”

“నాకెందుకు చెప్పలేదే?”

“చెప్తే నువ్వు డాక్టర్ని కూడా తిడతావు.”

సుధామయి నవ్వబోయి ఏడ్చింది. మళ్లీ వెంటనే కోపం తెచ్చుకుంది. ఏడవడం కన్నా అదే నయం అనిపించింది. “అయినా సరే. ఒక్క పది నిమిషాలైనా మొదట ఆడించి, అందరూ చప్పట్లు కొట్టాక పంపెయ్యొచ్చుగా? అదేం గొంతెమ్మ కోరిక కాదే!”

“ఆ పది నిమిషాల్లో గోల్ పడితే? టీమ్ ఏడాది కష్టం నా చప్పట్ల కోసం పోవాలా?”

“ఇవన్నీ వాడు నేర్పిన మాటలు,” అంది సుధామయి. “నీకు నోరు లేదు కాబట్టి ఆడిస్తున్నాడు.”

క్లబ్బు వచ్చింది. సుధామయి దిగీదిగగానే కోటు జిప్పు మెడదాకా లాక్కుని, వరండాలో కూతురి కంటే ముందు నడిచింది. చివరి తలుపు మీద ‘కోచ్’ అని రాసి ఉంది. అది చూడగానే ఆగకుండా దబదబా బాదింది. లోపల్నుంచి పలుకు లేదు. గుండ్రటి పిడి తిప్పి చూసింది. తాళం.

“చూశావా? పొద్దెక్కినా పత్తా లేడు! రేపు ఫైనల్ పెట్టుకుని తీరిగ్గా ఊరేగుతున్నాడు.”

“వచ్చేసినట్టేలే అమ్మా.”

“రానీ. ఇక్కడే నిలబడతా. కడగాల్సింది కడిగేశాకే కదులుతా. నువ్వు మధ్యలో నోరెత్తావంటే ఊరుకోను, పక్కకి నిలబడు.”

సాత్విక పక్కకి నిలబడలేదు. తన బ్యాగులోని తాళంచెవితో గది తెరిచి, కోచ్ కుర్చీలో కూర్చుని, “ఇప్పుడు తిట్టమ్మా,” అంది.